ముక్కు పోయినదాని వాసన కొవ్వొత్తులు

ముందు నా ముక్కు గురించి చెప్పాలి. నా మొగుడు పోయాక నలుగురు నా గడప తొక్కింది ఆ ముక్కు కోసమే.

ముప్పై ఏళ్ళు వరంగల్ మిర్చి మార్కెట్లో కుప్ప ముందు కూర్చుని మిరపకాయలకు తొడిమలు తుంచాను. నా గొంతు అక్కడే పోయింది. ఇప్పుడు నేను మాట్లాడితే రేకు డబ్బాలో కంకర పోసి ఊపినట్టు ఉంటుందని వేరే ఊళ్ళో పనిచేసే కన్న కొడుకే ఫోన్లో అంటాడు. గొంతు పోయింది గానీ ముక్కు మాత్రం పదునెక్కింది. బస్తా మూతి విప్పగానే కాయ ఎక్కడ తడిసిందో, ఎన్నాళ్ళు మగ్గిందో, పైన మంచి కాయ పోసి అడుగున తాలు కాయ నింపారో లేదో చెప్పేసేదాన్ని. సేటు దుకాణం మెట్ల మీద నిలబడి కేకేసేవాడు, "ఏ అక్కా, జర ఇటొచ్చి ముక్కు పెట్టిపో!" అని. తొడిమలు తుంచే ఆడవాళ్ళు యాభై మంది ఉంటే, ముక్కు పెట్టడానికి పిలిచేది నన్నొక్కదాన్నే. ఆ నాలుగడుగులు నేను నడిచిన నడక చూసి తీరాలి. పెళ్ళికూతురు కూడా అలా నడవదు.

మోకాళ్ళు పోయి పని మానేశాక ఆ పేరు మా గల్లీకి వచ్చింది. పాలు విరుగుతాయా, బియ్యం పాతవేనా, పచ్చడి బూజు పట్టిందా, ఏది తేలకపోయినా నా దగ్గరికి తెచ్చేవారు. మా ఇంటి ఓనరమ్మ బట్టల దుకాణం వాళ్ళ మనిషి, కింద మాకు రెండు గదులు కిరాయికిచ్చి పైన ఉంటుంది. ఆమె కూడా దిగి వచ్చేది. మొగుడు లేనిదాన్ని కాబట్టి పసుపు బొట్టుకు నన్ను పిలవరు, పేరంటానికి పిలవరు. నెయ్యి వాసన చూడడానికి పిలుస్తారు. నాకది చాలనిపించేది. ఎందుకు పిలిస్తే ఏం, పిలిచారు కదా.

మూడేళ్ళ కింద ఒక జ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ ముక్కును తీసుకుపోయింది. వాసన అనేదే లేదు. మల్లెపువ్వు, మురికి కాలువ రెండూ నాకు ఒకటే. మోకాళ్ళ నొప్పి అని చెప్పి దవాఖానకు పోయి చూపించుకున్నాను. వస్తే వస్తుంది, లేకపోతే లేదన్నాడు డాక్టరు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇంక నా గడప ఎవరు తొక్కుతారు?

అందుకని నటించాను. ఎవరైనా గిన్నె తెస్తే కళ్ళు మూసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, గుండెల నిండా పీల్చి, ఒక కన్ను కొంచెం తెరిచి తెచ్చిన మనిషి మొహం చూసేదాన్ని. మొహంలో అనుమానం ఉంటే "జర తేడా కొడ్తాంది" అనేదాన్ని. అనుమానం లేకపోతే "ఫికర్ లేదు, వాడుకో" అనేదాన్ని. ఇంతే విద్య. దీంతో మూడేళ్ళు నడిపాను. ఒకరోజు పప్పు మాడి బొగ్గయ్యేదాకా పొయ్యి పక్కనే కూర్చున్నాను. కోడలు పరుగెత్తుకొచ్చి, "ఏంది అత్తమ్మా, ఇల్లంత పొగ వాసన వస్తాంది!" అంటే, మాడిన పప్పు కడుపు ఉబ్బరానికి మంచిదని చెప్పి, దాన్ని నమ్మించడానికి రెండు పూటలా నేనే తిన్నాను.

కొవ్వొత్తుల పిచ్చి పట్టింది ఈ రోజుల్లోనే.

కోడలి ఫోన్లో ఒకామె మైనం కరిగించి, గాజు గ్లాసుల్లో పోసి, వాసన నూనె చుక్కలేసి కొవ్వొత్తులు చేస్తుంటే చూశాను. ఎంత నున్నగా వచ్చాయో! నాకు తీరిక చాలా ఉంది, టీవీ సీరియళ్ళ మీద విసుగూ చాలా ఉంది. కానీ అసలు కారణం అది కాదు. ముక్కు లేదని ఎవరికీ అనుమానం రాకూడదంటే వాసనల పనే పెట్టుకోవాలి, వాసన కొవ్వొత్తులు చేసేదానికి వాసన తెలియదని ఎవరనుకుంటారు, అని ఆలోచించాను. అంత తెలివి నాది. నాతో పాటు బడికి వెళ్ళినవాళ్ళు పదో తరగతి దాకా చదివారు, నేను రెండో తరగతిలో మానేశాను. ఎందుకు మానేశానో ఇక్కడే తెలుస్తుంది.

కోడలు ఫోన్లోనే మైనం, వత్తులు, చిన్న చిన్న నూనె సీసాలు తెప్పించింది. మైనం సబ్బు తురుములా తెల్లగా ఉంది. సీసాల మీద రాసింది నేను చదవలేను, వాసనతో గుర్తుపట్టలేను. కోడలితో ఒకసారి చదివించుకుని మూతలకు దారాలు కట్టుకున్నాను. గులాబీకి ఎర్ర దారం, మల్లెకు తెల్లది, సంపెంగకు పసుపుది. "వాసన చూస్తే తెలుస్తది గద, దారాలెందుకు?" అంది కోడలు. "అందం కోసం," అన్నాను.

మొదటి కొవ్వొత్తి స్టీలు గ్లాసులో పోశాను. అది ఈ రోజుకూ ఆ గ్లాసులోనే ఉంది, బయటికి రాదు. రెండోదాన్ని టీ గ్లాసులో పోస్తే వేడికి గ్లాసు టప్పున పగిలి బండ మీద మైనం పరుచుకుంది. మూడోదానికి వత్తి మునిగిపోయింది. నాలుగోది చల్లారాక నడుమ గుంట పడి, ఆవలించినట్టు నోరు తెరిచింది. కోడలు నవ్వి నవ్వి గోడకానుకుంది. నాకు పట్టుదల పెరిగింది. పెద్ద గిన్నెలో నీళ్ళు మరగబెట్టి, అందులో చిన్న గిన్నె పెట్టి మైనం నెమ్మదిగా కరిగించడం, గ్లాసును ముందే వెచ్చబెట్టుకోవడం, వత్తి వంగకుండా రెండు చీపురు పుల్లల నడుమ బిగించడం, గుంట పడితే ఇంకో గరిటె పోసి పూడ్చడం, ఒక్కొక్కటీ చేతికి వచ్చాయి. నూనె మాత్రం లెక్కపెట్టి వేసేదాన్ని, గ్లాసుకు ఇరవై చుక్కలు. లెక్క ఇరవై దాకా బాగానే వచ్చు.

ఒకరోజు ఓనరమ్మ మెట్ల మీద నుంచి వంగి చూసింది. "అబ్బ, మల్లె వాసన మా ఇంట్లకొస్తాంది! నీ ముక్కు అసలు ముక్కక్కా. ఎవలికి వస్తది ఈ అందాజ?"

నేను తల ఊపాను. ఊపినప్పుడు జర సిగ్గుగా కూడా అనిపించింది, అబద్ధమెందుకు. కానీ సిగ్గు కంటే సంతోషమే ఎక్కువ.

ఒక బుధవారం ఆమె కిందికి వచ్చింది. "శుక్రవారం సాయంత్రం మా హాల్ల భజన ఉన్నది. పదకొండు కొవ్వొత్తులు చేస్తవా? దేవుని కాడ దీపమే పెడ్తం, ఇవి అందరు కూసునే కాడ చుట్టూ పెడ్దాం. ఎర్రగ చెయ్యి, మంచిగ కొడ్తయ్. నువ్వు గూడ పైకి రావాలె. నా పక్కన్నే కూసో."

పక్కనే కూర్చోమంది. మా ఆయన పోయాక ఆ హాల్లోకి నన్ను పిలవడం అదే మొదటిసారి. ఆ రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు.

ఎర్ర రంగు దగ్గర చిక్కొచ్చింది. బజారులో తెచ్చిన రంగు పొడి మైనంలో కలవకుండా అడుగున పేరుకుంది. అప్పుడు నాకు నా పాత బతుకు గుర్తొచ్చింది. ఎరుపు కోసం బజారుకెందుకు? మా దగ్గర చపాటా మిర్చి ఉంటుంది, లావుగా, టమాటాలా ఉండే కాయ. ఘాటు చాలా తక్కువ, రంగు మాత్రం చేతికంటితే రెండు రోజులు పోదు. ఆ పొడి నూనెలో వెచ్చబెట్టి, బట్టలో వడగట్టి, ఆ ఎర్ర నూనెను మైనంలో కలిపితే ఎలా ఉంటుంది! ఫోన్లో ఆమెకు ఈ జన్మలో తట్టని ఉపాయం అనుకుని మురిసిపోయాను.

ఇంట్లో రెండు కారం డబ్బాలున్నాయి. ఒకదాంట్లో చపాటా, ఇంకోదాంట్లో తేజ. తేజ అంటే సన్నటి కాయ, నోట్లో పెడితే చెవుల్లోంచి పొగ వస్తుంది. మూడేళ్ళ కిందైతే కళ్ళకు గంతలు కట్టినా ఏది ఏదో చెప్పేదాన్ని. ఎప్పుడూ పచ్చ మూత డబ్బాలో చపాటా ఉంటుంది. కానీ ఆ వారం కోడలు డబ్బాలు కడిగింది. మళ్ళీ దేంట్లో ఏది పోసిందో నాకు తెలియదు. పొడి చూస్తే రెండూ ఎర్రగానే ఉన్నాయి.

అడిగితే అయిపోయేది. కోడలు అక్కడే గుమ్మం దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. వేలితో తీసి నాలుక మీద వేసుకున్నా తెలిసిపోయేది. కానీ మిర్చి మార్కెట్లో ముక్కుకు పేరుపడిన మనిషి కారం పొడిని నాలుకతో చూస్తుందా? కోడలు చూస్తే ఏమనుకుంటుంది? పచ్చ మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసి, గుండెల నిండా పీల్చాను. ముప్పై ఏళ్ళు ఘాటు తిన్న ముక్కూ కళ్ళూ గొంతూ నావి, తేజ అయినా తుమ్మూ దగ్గూ రావు.

"ఇదే చపాటా," అన్నాను గట్టిగా, కోడలికి వినపడేలా.

కోడలు తల కూడా ఎత్తలేదు. అత్త ముక్కు మీద దానికి అంత నమ్మకం. నూనె సన్న సెగ మీదే వెచ్చబెట్టాను కాబట్టి ఘాటు లేవక, అప్పుడు కూడా అది దగ్గలేదు.

శుక్రవారం సాయంత్రం పదకొండు కొవ్వొత్తులు హాలు చుట్టూ పెట్టారు. ఎంత ఎరుపని! నిప్పు పెట్టాక ఇంకా మెరిశాయి. ఇరవై మంది దాకా ఆడవాళ్ళు. ఓనరమ్మ తన పక్కన చాప మీద జాగా చూపించింది. కూర్చున్నాను. కోడలు వెనక గోడ దగ్గర కూర్చుంది. భజన మొదలైంది, నేనూ చప్పట్లు కొడుతూ అందుకున్నాను.

ఒక పాట అయింది. రెండో పాట నడుమ ఎవరో దగ్గారు. తర్వాత ఇంకొకరు. తాళాలు కొట్టే ఆమె తాళాలు కింద పెట్టి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఒక్కొక్క గొంతే ఆగిపోతోంది. నేను మాత్రం కళ్ళు మూసుకుని లయలో ఉన్నాను. చివరికి హాల్లో పాట నాదొక్కటే వినిపించింది. నేనేమనుకున్నానో చెప్పనా? నా భక్తి చూసి అందరూ ఆగి వింటున్నారనుకున్నాను. ఈ కంకర గొంతుతో ఇంకొంచెం పైకి ఎత్తుకున్నాను.

"ఏందమ్మా గీ ఘాటు! పానం పోతాంది!"

"ఎవలో దిష్టి తీస్తాన్రు కావచ్చు. కిటికీలు ముయ్యున్రి!"

"ముయ్యుడు కాదు, తియ్యున్రి!"

కళ్ళు తెరిచాను. ఇరవై మంది కళ్ళలో నీళ్ళు, ముక్కుల్లో నీళ్ళు. ఒకామె మెట్ల మీద కూర్చుని వాంతి వచ్చేలా దగ్గుతోంది. నేనొక్కదాన్నే పొద్దున కడిగిన మొహంతో అలాగే కూర్చుని ఉన్నాను. తాళాల ముసలామె నా వైపు వేలు చూపించింది.

"ఈమెకు దగ్గొస్తలేదు చూడున్రి! మిరపకాయల ఘాటు రాకుంటే దిష్టి తగిలినట్టే. మస్తు దిష్టి ఉన్నది ఈమెకు!"

మా వైపు దిష్టి తీసి ఉప్పు, మిరపకాయలు నిప్పుల్లో వేస్తే ఘాటు రావాలి. రాలేదంటే దిష్టి బలంగా తగిలిందని లెక్క.

"నాకెవల దిష్టి తాకుతదక్కా? నన్ను చూసి కండ్లు మండనీకె నా దగ్గర ఏమున్నది?" అన్నాను. మండుతున్న కళ్ళు ఇరవై జతలు నన్నే చూస్తున్నాయి.

ఇంతలో ఓనరమ్మ కొవ్వొత్తి ఒకటి ఆర్పి, గోటితో గీకి, ముక్కు దగ్గర పెట్టుకుని తుమ్మింది. "కారం! ఇందుల కారం ఉన్నది!"

అప్పుడర్థమైంది నాకు. పచ్చ మూత డబ్బాలో ఉన్నది తేజ.

అయితే అప్పుడు కూడా నన్ను ఎవరూ ఏమీ అనలేదు. అదే వచ్చిన తంటా.

"నువ్వే చూసుకొని పోసినవా?" అడిగింది ఓనరమ్మ.

"చపాటా అనుకొని పోసిన. రంగు కోసం."

"నువ్వనుకునుడేంది? నీ ముక్కుకు దొరకకుంట తేజ పోతదా? నువ్వు చూసి పెట్టినంక ఎవలో మార్చిన్రు."

"ఎవలో ఏంది?" అంది తాళాల ముసలామె, కళ్ళు తుడుచుకుంటూ. "ఇంట్ల ఉన్నది అత్తాకోడండ్లు ఇద్దరే. అత్తకు పేరొస్తాంటె కోడలు ఓర్వలేక కలిపింది."

అందరూ వెనక గోడ వైపు తిరిగారు. కోడలి కళ్ళు కూడా ఎర్రగానే ఉన్నాయి, అది ఘాటుకో మాటకో తెలియదు. "నేను డబ్బాలు కడిగి పోసిన, అంతే," అంది మెల్లగా. "మార్చిన్నని నాకు యాదికి లేదు. అత్తమ్మ వాసన చూసే తీసుకున్నది."

"చూసిన్రా? డబ్బాలు మార్చిన్నని ఆమెనే ఒప్పుకుంటాంది!" అంది తాళాల ముసలామె.

ఒక్కమాట చెప్పాలి. ఆ క్షణాన నోరు మూసుకుని ఉంటే నాకేమీ కాదు. దిష్టి తగిలిందని ఉప్పు తిప్పి పోస్తారు, కోడలిని నాలుగు తిడతారు, నా ముక్కు నా మొహం మీద భద్రంగా ఉంటుంది. వచ్చే శుక్రవారం మళ్ళీ ఆ చాప మీద కూర్చోవచ్చు. ఇదంతా నేను ఆలోచించాను. ఎంతసేపు ఆలోచించానంటే, తాళాల ముసలామె కోడలిని ఇంకో రెండు మాటలు అనేంతసేపు. కోడలు నా వైపు చూసింది. సాక్ష్యం చెప్పమని కాదు. నేను ఏమంటానో ఆ పిల్లకు నిజంగానే తెలియదు. కోడలి నేరానికి రుజువు నా ముక్కే అయింది. లేని ముక్కు.

"నా ముక్కు పోయింది," అన్నాను.

"ఏం పోయింది?"

"ముక్కమ్మా, ముక్కు! వాసన వస్తలేదు నాకు. మూడేండ్ల కింద జ్వరమొచ్చిన్నాటి సంది. డబ్బా ముంగట పెట్టుకొని వాసన చూసినట్టు యాక్టింగ్ చేసిన. కోడలు ఏం చెయ్యలే. దాన్ని అనకున్రి."

ఓనరమ్మ నోరు తెరుచుకుని చూసింది.

"మరి మొన్న నెయ్యి? నువ్వు మంచిదే అంటెనే గద రెండు కిలోలు తీసుకున్న!"

"నువ్వు మంచి మొహం పెట్టుకొని తెచ్చినవ్. మంచిదే అన్న."

"మా పెద్దమ్మ ఇచ్చిన మామిడికాయ తొక్కు పారబోయించినవ్ గద!" అంది ఇంకొకామె. "తేడా కొడ్తాంది అంటివి!"

"నీకు పెద్దమ్మ అంటె పడదు గదనే. నీ మొహంల కనిపించింది."

ఎవరో పకపక నవ్వారు. ఆ పచ్చడి ఆమె మాత్రం నవ్వలేదు, ఇప్పటికీ నాతో మాట్లాడదు. తాళాల ముసలామె అయినా పట్టు వదలకుండా ఉప్పు, మిరపకాయలు తెచ్చి నాకు తిప్పి నిప్పుల్లో వేసింది. దాంతో మిగిలినవాళ్ళు కూడా రోడ్డు మీదికి పరుగెత్తారు. భజన అక్కడితో సరి.

ఇంటికొచ్చాక కోడలు తలుపేసి నా ఎదురుగా నిలబడింది. నన్ను కాపాడావని కాళ్ళ మీద పడుతుందని అనుకున్నాను, సిగ్గు లేకుండా.

"మొన్న సిలిండర్ మార్చిన్నాడు పైపు కాడ నిన్ను కూసోవెట్టి కూరగాయలకు పోయిన. గ్యాస్ వాసనొస్తే బంద్ చెయ్యమన్న. ఊ అన్నవ్."

"ఏం గాలె గద బిడ్డా."

"అయితే?" అంది. "ఏమన్న అయితే ఎవలకు చెప్పుకోవాలె నేను? మంది కాడ పేరుంటె చాలు, పానం పోయినా మంచిదేనా నీకు?"

కోడలు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం పెట్టింది, మందులిచ్చింది, మాట లేదు. గల్లీలోంచి కూడా గిన్నె పట్టుకుని ఎవరూ రాలేదు. గుమ్మంలో కూర్చుంటే ఎదురింటామె పాల గిన్నె తానే మూడుసార్లు వాసన చూసుకుని లోపలికి పోయింది. అది వాసన చూసే పద్ధతేనా? గిన్నెలో ముక్కు ముంచేసింది.

మూడో రోజు నాకు తోచక మైనం గిన్నె పొయ్యి మీద పెట్టాను. కోడలు వచ్చి ముందు గ్యాస్ పైపు చూసింది, తర్వాత నా పక్కన పీట వేసుకుని కూర్చుంది. పసుపు దారం సీసా మూత తీసి, పది చుక్కలేసి, గిన్నె పొయ్యి మీద నుంచి దించి దాని ముందుకు జరిపాను.

"చెప్పు, ఎట్లున్నది?"

"మంచిగున్నది."

"మంచిగ అనేది వాసన కాదే. ఏం వాసన? దేని లెక్క ఉన్నది?"

"సంపెంగ లెక్క."

"సీస మీద రాసింది చదువుడు గాదు. కండ్లు మూసుకో. ఒక్కసారే గుంజకు, మెల్లగ. ముందు ఏమొస్తాంది, ఎనుక ఏమొస్తాంది?"

ముప్పై ఏళ్ళలో నాకు తెలిసింది ఇంకొకరికి చెప్పాల్సి రావడం అదే మొదటిసారి. ముక్కు ఉన్నన్నాళ్ళు ఎవరికీ చెప్పలేదు, చెబితే సేటు వాళ్ళను కూడా పిలుస్తాడని. కోడలు కళ్ళు మూసుకుంది. మైనం అంచుల్లో తెల్లబడడం మొదలుపెట్టింది, నాకు ఆదుర్దా.

"ముందుగాల తియ్యగొస్తాంది," అంది. "ఎనుక... ఎండల ఆరేసిన బట్టలు పగటిపూట తీస్తాంటె వస్తది చూడు, గట్ల. జరంత వెచ్చగ."

అది సరో కాదో నాకు తెలియదు, తెలిసే దారి లేదు. సంపెంగలో ఎండ వాసన ఉంటుందని మాత్రం నేను ఎన్నడూ అనుకోలేదు.

"ముందలి తీపి ఎక్కువున్నదా, ఎనుకది ఎక్కువున్నదా?"

"తీపే ఎక్కువ."

"అట్లయితె ఇగ చుక్కలు చాలు," అని గిన్నె నా వైపు లాక్కున్నాను. "గ్లాసులు వెచ్చవెట్టు బిడ్డా, గడ్డకడ్తాంది."